మంచు కింద నుంచి పచ్చగా లేచే లాన్: చలి ప్రాంతాల్లో పచ్చిక పెంపకం, ఆగస్టు నుంచి ఆగస్టు దాకా

మంచు కరిగిన మొదటి వారంలో లాన్‌ని చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నిన్నటిదాకా తెల్లగా పరుచుకున్న చోట ఎండుగడ్డి రంగు చాప, దాని మీద పళ్లెమంత గుండ్రటి బూజు మచ్చలు, ఏదో పాకిపోయినట్టు వంకరటింకర చారలు, దారి మీద ఐసు కరగడానికి చల్లిన ఉప్పుకి మాడిపోయిన అంచు. మొదటి ఏడాది అది చూసి నేను కంగారుపడ్డాను. ఒక సంచి ఎరువు, ఒక సంచి విత్తనం తెచ్చి, నేల ఇంకా బురదగా ఉండగానే చల్లేశాను. ఎరువు వాన నీళ్లతో పాటు మురుగు కాలవలోకి పోయింది. విత్తనం చాలావరకు కుళ్లింది, మొలిచిన కాస్తా జూలై ఎండకు మాడింది. ఖాళీగా మిగిలిన చోట్ల క్రాబ్‌గ్రాస్ అనే కలుపు మాత్రం హాయిగా కాపురం పెట్టింది.

ఆ తర్వాత తెలిసిందేమిటంటే, చలి ప్రాంతపు లాన్‌కి కొత్త ఏడాది ఆగస్టు చివర్లో మొదలవుతుంది. అప్పటి నుంచి అక్టోబరు దాకా చేసిన పని ఏప్రిల్లో కంటికి కనిపిస్తుంది. అందుకే ఈ మార్గదర్శిని కూడా ఆగస్టుతోనే మొదలుపెడుతున్నాను. నెలలన్నీ ఉత్తరార్ధగోళం లెక్క. దక్షిణాన ఉన్నవారు ఆరు నెలలు కలుపుకోండి. కొలతలు 100 చదరపు మీటర్లకి, అంటే దాదాపు 1,075 చదరపు అడుగులకి.

## గడ్డి చలికాలం ఎలా గడుపుతుంది

మనందరికీ తెలిసిన గరిక (విదేశాల్లో బెర్ముడా గ్రాస్ అనేది దీన్నే) వేడిని ఇష్టపడే గడ్డి. చలి పడగానే గోధుమ రంగుకి మారి నిద్రపోతుంది, నేల గట్టిగా గడ్డకట్టే చోట చచ్చిపోతుంది. చలి ప్రాంతాల్లో వేసే జాతుల తీరు వేరు. గాలి 15 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే వాటి ఆకులు జోరుగా పెరుగుతాయి. వేళ్లకు అంత వేడి కూడా అక్కర్లేదు, నేల 10 నుంచి 18 డిగ్రీలుంటే చాలు. అందుకే వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి, ఏడాదికి రెండు సార్లు వీటికి పొంగు వస్తుంది. నడివేసవిలో నీరసపడతాయి.

ఒక దుబ్బు పీకి చూడండి. వేళ్లకీ ఆకులకీ మధ్య, నేలకు ఆనుకుని, తెల్లటి చిన్న ముడి ఉంటుంది. దాన్ని కుదురు అందాం. ఆకులు మాడినా, బూజు పట్టినా, మోవర్ (గడ్డి కోసే యంత్రం) కోసేసినా కుదురు బతికుంటే గడ్డి తిరిగి లేస్తుంది. కుదురు పోతే ఆ చోటు బోసిపోయినట్టే. శరదృతువులో పగళ్లు కురచై, రాత్రులు చల్లబడే కొద్దీ కుదురు తనలోని నీటిని తగ్గించుకుని చక్కెరల్ని నిల్వ చేసుకుంటుంది. ఆ చక్కెరలే లోపల నీరు గడ్డకట్టకుండా కాపాడతాయి. ఈ తయారీకి గడ్డికి కొన్ని వారాల వ్యవధి కావాలి. ఆ సమయంలో మనం నత్రజని దండిగా పోసి ఆకులు పెంచమని తొందరపెడితే, దాచుకోవాల్సిన చక్కెరంతా ఆకుల పాలవుతుంది. ఇక్కడ చెప్పబోయే పనుల్లో సగానికి సగం కుదురుని కాపాడే పనులే.

## ఏ జాతి వేయాలి

కెంటకీ బ్లూగ్రాస్: పేరులో కెంటకీ ఉన్నా పుట్టిల్లు ఐరోపా, ఆసియా. నేల లోపల పాకే కాండాలతో పక్కకి విస్తరిస్తుంది, ఖాళీల్ని తనే పూడ్చుకుంటుంది. చలికి గట్టి పిండం. ఎండ కావాలి, ఎరువూ నీళ్లూ కాస్త ఎక్కువే అడుగుతుంది. మొలకెత్తడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటిసారి వేసినవాళ్లు పదో రోజున విత్తనం మోసమనుకుని మళ్లీ చల్లడం మామూలే.

పెరెన్నియల్ రైగ్రాస్ అయిదు నుంచి పది రోజుల్లో మొలుస్తుంది. అందుకే చవక మిశ్రమాల్లో దీన్ని దట్టిస్తారు. కానీ పక్కకి పాకదు, కఠినమైన చలిలోనూ ఐసు కిందా మిగతావాటి కంటే ముందు పోతుంది. ఫైన్ ఫెస్క్యూ జాతులు (క్రీపింగ్ రెడ్, చూయింగ్స్, హార్డ్ ఫెస్క్యూ) నీడలోనూ బీద నేలలోనూ బతుకుతాయి. ఎరువు తక్కువ చాలు. తొక్కిడికి మాత్రం ఆగవు. టాల్ ఫెస్క్యూ వేళ్లు లోతుగా దిగుతాయి కాబట్టి వేసవి ఎండను బాగా తట్టుకుంటుంది. మరీ ఉత్తరాన, ఐసు రోజుల తరబడి నిలిచే చోట దీన్ని నమ్ముకోకండి.

నా సలహా: ఎండపడే చోట బ్లూగ్రాస్ సగానికి పైగా, ఫైన్ ఫెస్క్యూ మూడో వంతు, రైగ్రాస్ 15 శాతానికి మించకుండా. రైగ్రాస్ త్వరగా మొలిచి నేలను పట్టుకుంటుంది, ఆ చాటున బ్లూగ్రాస్ నింపాదిగా లేస్తుంది. చెట్ల నీడలో ఫైన్ ఫెస్క్యూలనే ఎక్కువగా వేయండి. రోజుకి నాలుగు గంటల ఎండ కూడా రాని చోట గడ్డితో కుస్తీ మానేసి, నీడకి ఒదిగే మొక్కలు పెట్టడం నయం.

సంచి ముందు బొమ్మ చూసి కొనకండి, వెనక చీటీ చదవండి. జాతుల శాతాలు, మొలక శాతం, పరీక్షించిన తేదీ, కలుపు విత్తనాల శాతం అందులో ఉంటాయి. యాన్యువల్ రైగ్రాస్ ఎక్కువున్న సంచిని అక్కడే వదిలేయండి. ఆ గడ్డి ఒక్క చలికాలం కూడా దాటదు.

## నేల: ఎవరికీ కనిపించని పని

లాన్ వేయడానికి ముందు, ఆ తర్వాత మూడు నాలుగేళ్లకోసారి నేల పరీక్ష చేయించండి. పది పన్నెండు చోట్ల 10 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి, కలిపి, ఆరబెట్టి పంపాలి. పీహెచ్ (నేల పులుపుని చెప్పే కొలత) 6 నుంచి 7 మధ్య ఉంటే గడ్డికి సుఖం. తక్కువైతే సున్నం, మరీ ఎక్కువైతే గంధకం, అదీ పరీక్ష ఫలితం చెప్పిన మోతాదులోనే. అలవాటుగా ఏటా సున్నం చల్లేవాళ్లని చూశాను. దాని వల్ల పీహెచ్ పెరిగిపోయి, ఇనుము అందక గడ్డి పసుపెక్కుతుంది.

కొత్తగా వేస్తుంటే ఇంటి గోడ నుంచి బయటికి మీటరుకి 2 సెంటీమీటర్ల చొప్పున వాలు ఇవ్వండి. మంచి పైమట్టి 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉండాలి. లేకపోతే రెండు మూడు సెంటీమీటర్ల మందాన చివికిన కంపోస్టు పరిచి, పై 10–15 సెంటీమీటర్లలో కలపండి. గుంతలు మిగలనివ్వొద్దు. వేసవిలో గుంత కంటికి ఆనదు, ఫిబ్రవరిలో అందులో నీళ్లు నిలిచి ఐసు పలకైతే దాని కిందున్న కుదుళ్లన్నీ పోతాయి.

మట్టి పదునులో ఉన్నప్పుడే తవ్వండి. గుప్పిట్లో నొక్కి వదిలితే ముద్దగా నిలవాలి, బొటనవేలితో పొడిస్తే విరిగిపోవాలి. ముద్ద జిగటగా సాగితే ఇంకా తడి ఎక్కువ, ఆగండి. మరీ పిండిలా కూడా చేయొద్దు, ఒక్క వానకి పైన అట్ట కడుతుంది. బఠానీ గింజంత గడ్డలున్నా ఫరవాలేదు. చివరగా మీద నడిచి చూడండి. కాలి జాడ ఒక సెంటీమీటరు దిగితే సరిగ్గా ఉన్నట్టు. మడమ కూరుకుపోతే రోలర్‌తోనో కాళ్లతోనో కాస్త అణచాలి.

## విత్తే రోజు

ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా సరైన అదను. మీ ప్రాంతంలో మొదటి గట్టి తెల్లమంచు (ఫ్రాస్ట్) పడే తేదీ నుంచి 45 రోజులు వెనక్కి లెక్కపెట్టండి, అదే ఆఖరి గడువు. అప్పుడు నేల వెచ్చగా, గాలి చల్లగా ఉంటుంది. వేసవి కలుపు మొక్కలు చావుకు దగ్గరపడి ఉంటాయి.

మోతాదు జాతిని బట్టి మారుతుంది. బ్లూగ్రాస్ గింజ నలుసంత, కిలోకు 20 లక్షల పైమాటే. కాబట్టి 100 చదరపు మీటర్లకి 1 నుంచి 1.5 కిలోలు చాలు. టాల్ ఫెస్క్యూ, రైగ్రాస్ గింజలు పెద్దవి, 3 నుంచి 4 కిలోలు కావాలి. ఫైన్ ఫెస్క్యూ 2 నుంచి 2.5. ఎక్కువ చల్లితే ఒత్తుగా వస్తుందనుకోవద్దు. నారుమడిలా కిక్కిరిసి, గాలి ఆడక మొలకలు కుళ్లుతాయి.

1. విత్తనాన్ని రెండు సమాన భాగాలు చేయండి. ఒక భాగం నిలువుగా నడుస్తూ, రెండో భాగం అడ్డంగా నడుస్తూ చల్లండి.
2. రేక్‌ని (పళ్ల దంతెని) తిరగేసి వీపు వైపుతో పైపైన లాగండి. గింజ అర సెంటీమీటరు కంటే లోతుకి వెళ్లకూడదు. పదింట ఒక గింజ పైకి కనిపిస్తున్నా ఫరవాలేదు.
3. ఖాళీ రోలర్ ఒకసారి తిప్పండి. గింజ మట్టికి అతుక్కోకపోతే మొలక రాదు.
4. కలుపు గింజలు లేని ఎండుగడ్డిని పలచగా పరచండి. సగం మట్టి కనిపిస్తూ ఉండాలి.

ఇక నీళ్లు. మొలక వచ్చేదాకా పై సెంటీమీటరు మట్టి ఆరకూడదు. రోజుకి రెండు మూడు సార్లు, కొద్దికొద్దిగా తుంపర. గింజ పగిలి మొలక తొంగిచూశాక ఒక్క పూట ఆరినా అది చచ్చిందే. మొలకలు వేలెడు ఎత్తయ్యాక తడుల సంఖ్య తగ్గిస్తూ, ఇచ్చే నీరు పెంచుతూ పోండి. గడ్డి 9 సెంటీమీటర్లకి రాగానే మొదటి కోత, 6 దగ్గర. కనీసం మూడు నాలుగు కోతలు అయ్యేదాకా కలుపు మందు జోలికి పోవద్దు.

అదను తప్పిపోతే? అక్టోబరు మొదట్లో చల్లడం అన్నిటికంటే చెడ్డ పని. మొలుస్తుంది, కానీ కుదురు కట్టకముందే చలి కొడుతుంది. దాని బదులు నవంబరు దాకా ఆగి, నేల ఉష్ణోగ్రత 4–5 డిగ్రీలకి పడిపోయాక, గడ్డకట్టడానికి కాస్త ముందు చల్లండి. గింజ మొలవకుండా నిద్రపోతుంది. చలికాలమంతా నేల గడ్డకడుతూ కరుగుతూ ఉంటే ఆ పగుళ్లలోకి తనే దిగిపోయి, వసంతంలో తన అదను తనే చూసుకుని లేస్తుంది. కొంత విత్తనం పోతుంది కాబట్టి మోతాదు పావు వంతు పెంచండి. వాలు నేలల్లో ఇది పనికిరాదు, కరిగే మంచు ఊడ్చుకుపోతుంది.

చుట్టలుగా వచ్చే తయారు పచ్చిక పరచడం త్వరగా అయ్యే పనే, ఖర్చు ఎక్కువ. కింద నేల తయారీ మాత్రం ఇంతే శ్రద్ధగా చేయాలి. రెండు వారాల తర్వాత ఒక మూల పట్టి లాగితే లేవకపోతే వేళ్లు పట్టినట్టు.

## పాత లాన్‌ పలచబడితే

మొత్తం తవ్వక్కర్లేదు. సెప్టెంబరులో గడ్డిని 4–5 సెంటీమీటర్లకి కోసి, ఏరేటర్ యంత్రంతో రంధ్రాలు పెట్టించండి. బోలు గొట్టాలతో 5 నుంచి 8 సెంటీమీటర్ల మట్టి కడ్డీలు తీసి పైన పడేసే రకమే కావాలి. మేకులున్న చెప్పులు తొడుక్కుని నడిస్తే రంధ్రం చుట్టూ మట్టి ఇంకా గట్టిపడుతుంది, అది కాలయాపన. కడ్డీలు అక్కడే వదిలేస్తే రెండు వానలకి కరిగిపోతాయి. ఆ రంధ్రాల మీద విత్తనం, దాని మీద అర సెంటీమీటరు కంపోస్టు.

ఒక ముక్క కోసి, గడ్డికీ మట్టికీ మధ్య గోధుమ రంగు పీచు పొర మందం చూడండి. ఒక సెంటీమీటరు దాకా మంచిదే, కుదురుకి దుప్పటి లాంటిది. అంతకు మించి బాగా పెరిగితే నీరు దిగదు, వేళ్లు ఆ పొరలోనే తిరుగుతాయి, చలికి అవే ముందు పోతాయి. కోసిన గడ్డి ముక్కలు వదిలేస్తే ఈ పొర పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ ముక్కలు త్వరగా చివికిపోతాయి. పొర కట్టేది చివకడానికి మొరాయించే కాండాలు, వేళ్లు.

## ఎరువు లెక్క

సంచి మీద మూడు అంకెలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. ఒక విడతకి 100 చదరపు మీటర్లకి అర కిలో నత్రజని మించకూడదు. సంచి మీది మొదటి అంకెతో 50ని భాగిస్తే ఎన్ని కిలోల ఎరువు వేయాలో తెలుస్తుంది. అంకె 25 అయితే 2 కిలోలు, 20 అయితే రెండున్నర. ఈ చిన్న లెక్క రాకపోవడం వల్ల మాడిన లాన్లు నేను చాలా చూశాను, అందులో ఒకటి నాదే.

బ్లూగ్రాస్ ఎక్కువున్న లాన్‌కి ఏడాది మొత్తానికి ఒకటి నుంచి ఒకటిన్నర కిలోల నత్రజని సరిపోతుంది. ఫైన్ ఫెస్క్యూలకి అర కిలో చాలు. కోసిన గడ్డిని అక్కడే వదిలేస్తే ఆ అవసరంలో దాదాపు పావు వంతు తిరిగి నేలకే చేరుతుంది.

విడతల్లో ముఖ్యమైనది సెప్టెంబరు మొదటి వారం. వేసవికి అలసిన గడ్డి పిలకలు వేసి దుబ్బు కట్టేది అప్పుడే. రెండోది అక్టోబరు మొదట్లో, గడ్డి ఇంకా పెరుగుతుండగానే, పావు కిలో నుంచి అర కిలో. ఒకప్పుడు నవంబరులో 'వింటరైజర్' అని భారీగా వేసేవారు. నేల చల్లబడ్డాక వేళ్లు నత్రజనిని పీల్చుకోవడం బాగా తగ్గిపోతుంది. మిగిలింది మంచు నీళ్లతో చెరువులకి చేరుతుంది. కాబట్టి కోత ఆగిపోయాక ఎరువు సంచి కూడా మూసేయండి. నేల పరీక్షలో పొటాష్ సరిపడా ఉందని వస్తే, సంచి మీద 'వింటరైజర్' అన్న పేరుందని అదనంగా డబ్బు పోయక్కర్లేదు.

వసంతంలో మొదటి పచ్చదనం చూడగానే చేతులు దురద పెడతాయి. ఆగండి. ఆ పచ్చదనం శరదృతువులో దాచుకున్న సొత్తు. అప్పుడే నత్రజని పోస్తే ఆకు ఎగబాకుతుంది, వేరు వెనకబడుతుంది. మే నెలాఖరున, నెమ్మదిగా కరిగే రకం వేస్తే చాలు. భాస్వరం విషయంలో ఇంకా జాగ్రత్త. అమెరికాలోని మిన్నెసోటాలో 2005 నుంచి రాష్ట్రమంతటా, నేల పరీక్షలో లోటు తేలితేనో కొత్త లాన్ వేస్తుంటేనో తప్ప, లాన్‌కి భాస్వరం వేయకూడదని చట్టమే ఉంది. చెరువుల్లో నాచు పెరగడానికి కారణం ఆ భాస్వరమే మరి.

## కోత

ఎత్తు 6.5 నుంచి 9 సెంటీమీటర్లు. ఆకు ఎంత పొడవుంటే వేరు అంత లోతు, నేలకి అంత నీడ, కలుపుకి అంత ఇరుకు. ఒక కోతలో మూడో వంతుకి మించి తీయొద్దు. 7.5 దగ్గర ఉంచాలనుకుంటే 11కి రాగానే కోయాలి. వారానికోసారి అనే లెక్క గడ్డికి తెలియదు. మేలో అయిదు రోజులకే కోయాల్సి రావచ్చు, ఆగస్టులో మూడు వారాలు ముట్టుకోనక్కర్లేకపోవచ్చు.

కోసిన మర్నాడు ఒక ఆకు తుంచి కొస చూడండి. తిన్నగా తెగి ఉంటే బ్లేడు బాగున్నట్టు. పీచులు పీచులుగా, తెల్లగా చీలి ఉంటే మోవర్ కోయలేదు, పీకింది. దూరం నుంచి లాన్ బూడిద రంగు కొట్టడానికి కారణం చాలాసార్లు ఇదే, రోగం కాదు. సీజన్లో రెండు సార్లైనా బ్లేడు సాన పట్టించండి.

## మంచు పడక ముందు

రాలిన ఆకులు తడిసి చాపలా అతుక్కుంటే కింద గడ్డి ఊపిరాడక బూజు పడుతుంది. అలాగని మొత్తం ఎత్తిపోయక్కర్లేదు. పొడిగా ఉన్నప్పుడు మోవర్‌తో రెండు మూడు సార్లు నడిస్తే నాణెమంత ముక్కలై గడ్డి సందుల్లోకి దిగిపోతాయి. పైనుంచి చూస్తే గడ్డి కనిపిస్తున్నంతసేపూ ఇబ్బంది లేదు.

గడ్డి పెరగడం ఆగేదాకా కోత ఆపొద్దు. చివరి రెండు కోతల్లో ఎత్తు మెల్లగా తగ్గించి 5–6 సెంటీమీటర్లకి తెండి. పొడుగ్గా వదిలేస్తే మంచు బరువుకి వాలిపోయి బూజుకీ ఎలుకలకీ పరుపవుతుంది. మరీ పొట్టిగా కోస్తే కుదురుకి కప్పు పోతుంది. డాండెలైన్ లాంటి వెడల్పాకు కలుపుకి కూడా సెప్టెంబరు, అక్టోబరు నెలలే అదను. అప్పుడు అది ఆహారాన్ని వేరులోకి దింపుకుంటూ ఉంటుంది, మందు చల్లితే దాంతోపాటే వేరు దాకా వెళ్తుంది. కెనడాలోని ఆంటారియో లాంటి చోట్ల లాన్ అందం కోసం ఇలాంటి మందులు చల్లడం 2009 నుంచి నిషేధం. అక్కడ వాన పడిన మర్నాడు పొడుగాటి కలుపు కత్తితో వేరుతో సహా లాగడమే దారి. స్ప్రింక్లర్ గొట్టాల్లో నీరు గాలితో ఊదించి ఖాళీ చేయించడం మరవకండి.

## మంచు కింద

తెలుగులో స్నో అయినా ఫ్రాస్ట్ అయినా మనకి మంచే. లాన్‌కి మాత్రం ఒక్కోటి ఒక్కో రకం. పొడి స్నో మేలే చేస్తుంది. దాని కింద నేల, బయటి గాలి కంటే చాలా వెచ్చగా ఉంటుంది. తెల్లమంచు పట్టిన ఉదయం గడ్డి మీద నడిస్తే మాత్రం ఆకు లోపలి కణాలు పగిలి, నాలుగు రోజుల తర్వాత మీ అడుగుజాడలు గోధుమ రంగులో తేలతాయి. పదకొండు గంటల దాకా ఆగితే ఆ బాధే లేదు.

అసలు ప్రమాదం చలికాలం చివర్లో. పగలు మంచు కరిగి నీళ్లు నిలుస్తాయి, కుదురు వసంతం వచ్చిందనుకుని నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఆ రాత్రే గట్టి చలి పడితే లోపలి నీరు గడ్డకట్టి కణాల్ని చీల్చేస్తుంది. జనవరి చలికి చావని గడ్డి మార్చిలో చచ్చేది ఇలాగే. కరిగే నీరు నిలుస్తున్న చోట మంచులో చిన్న కాలవ తీసి పంపేయండి. దారి మీది మంచునంతా లాన్ మీద ఒకే మూల గుట్ట వేయకండి, పలచగా విసరండి. గుట్ట కింద చోటు మిగతా లాన్ కంటే నెల ఆలస్యంగా తేరుకుంటుంది.

దారి మీద చల్లే మామూలు రాతి ఉప్పులోని సోడియం గడ్డి వేళ్లని మాడ్చడమే కాదు, బంకమట్టి నేలని సిమెంటులా బిగిస్తుంది. ముందు పారతో మంచు తీసేసి, మిగిలిన జారుడుకి మాత్రమే ఉప్పు వాడండి. పట్టు కోసమైతే ఇసుక చాలు. కాల్షియం క్లోరైడ్ ఖరీదెక్కువైనా నేలకి హాని తక్కువ.

లాన్ బతికుందా లేదా అని దిగులుగా ఉంటే గోల్ఫ్ మైదానాల వాళ్లు చేసే పని చేయండి. ఫిబ్రవరిలో అనుమానమున్న చోట గ్లాసంత మట్టి ముక్క గడ్డితో సహా పెకిలించి, ఇంట్లో కిటికీ దగ్గర పెట్టి తడపండి. పది రోజుల్లో పచ్చని సూదులు లేస్తే నిశ్చింత. లేవకపోతే, కనీసం ఎంత విత్తనం కావాలో ముందే తెలుస్తుంది.

## వసంతం: చేతులు కట్టుకోవడం కూడా పనే

నేల ఆరేదాకా లాన్‌లో అడుగుపెట్టకండి. తడి నేల మీద ఒక్క వారం నడక, శరదృతువులో చేసిన ఏరేషన్‌ని చెడగొడుతుంది.

గుండ్రటి మచ్చల్ని దగ్గరగా, మోకాళ్ల మీద కూర్చుని చూడండి. బూడిద రంగు సాలెగూడులా అతుక్కుని, ఆకుల మీద గుండుసూది తలంత గోధుమ లేదా నల్లటి గింజలుంటే అది గ్రే స్నో మోల్డ్. ఎక్కువ కాలం స్నో కప్పి ఉంటే వస్తుంది. ఆకుల్నే తింటుంది, కుదురు సాధారణంగా బతుకుతుంది. అంచు లేత గులాబీ రంగులో ఉంటే పింక్ స్నో మోల్డ్. దీనికి స్నో కూడా అక్కర్లేదు, తడీ చలీ చాలు. ఇది కుదురుని కూడా చంపగలదు. రెండిటికీ వసంతంలో మందు చల్లడం డబ్బు దండగ. తేలిగ్గా రేక్ లాగి గాలి తగలనివ్వండి, ఎండే మందు. తర్వాత కుదురు నొక్కి చూడండి. తెల్లగా గట్టిగా ఉంటే మూడు వారాలు ఆగండి. గోధుమ రంగులో మెత్తగా ఉంటే ఆ చోట మళ్లీ విత్తాలి.

వంకరటింకర చారలు వోల్ అనే పొట్టి తోక ఎలుకలవి. స్నో కింద బాటలు వేసుకుని గడ్డి కొరుకుతాయి. చూడటానికి ఘోరంగా ఉన్నా చాలావరకు తనే పూడిపోతుంది. ఉప్పు తగిలిన అంచుని మాత్రం నేల కరగగానే రెండు మూడు సార్లు, ప్రతిసారీ రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లు దిగేలా కడగండి. సోడియం ఎక్కువని పరీక్షలో తేలితే జిప్సం వేసి, ఆ మీదట నీళ్లు పెట్టండి.

క్రాబ్‌గ్రాస్ గింజలు పైమట్టి కొన్ని రోజుల పాటు 13 డిగ్రీలు దాటి ఉంటే మొలకెత్తుతాయి. మొలక రాకుండా ఆపే మందు వేయాలంటే దానికి కాస్త ముందే వేయాలి. ఆ మందుకి కలుపు గింజకీ లాన్ గింజకీ తేడా తెలియదు. విత్తేటప్పుడు వాడవచ్చని లేబుల్ మీద రాసి ఉంటే తప్ప, మందో విత్తనమో ఏదో ఒకటే ఎంచుకోండి.

## వేసవి

వానతో కలిపి వారానికి 2.5 సెంటీమీటర్ల నీరు, ఒకటి రెండు తడుల్లో, తెల్లవారుజామున. 100 చదరపు మీటర్లకి అది 2,500 లీటర్లు. స్ప్రింక్లర్ ఎంత పోస్తోందో తెలియాలంటే అయిదారు ఖాళీ డబ్బాలు అక్కడక్కడా పెట్టి, అరగంట తర్వాత స్కేలుతో కొలవండి. ఒక్కో డబ్బాలో ఎంత తేడా ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

నీళ్లకి కరువుంటే బ్లూగ్రాస్‌ని నిద్రపోనివ్వండి. గోధుమ రంగుకి మారుతుంది, చావదు. రెండు మూడు వారాలకోసారి సెంటీమీటరు నీరిస్తే కుదురు బతికే ఉంటుంది. ఒక వారం నిద్రపుచ్చి, ఒక వారం తడిపి లేపడం మాత్రం చేయొద్దు. అలా లేచిన ప్రతిసారీ దాచుకున్న శక్తి ఖర్చవుతుంది. నిద్రలో ఉన్న లాన్ మీద ఎరువు, కలుపు మందు, పిల్లల ఆటలు ఏవీ వద్దు.

ఆగస్టులో ఒక పరీక్ష మిగిలింది. నీళ్లు పెట్టినా వాడుతున్న చోట 30 సెంటీమీటర్ల చదరం మూడు వైపులా కోసి, చాపలా తిరగేయండి. గోధుమ రంగు తలతో, తెల్లగా, చంద్రవంకలా ముడుచుకున్న వేరుపురుగుల్ని లెక్కపెట్టండి. అయిదు లోపుంటే ఆరోగ్యమైన లాన్ ఓర్చుకుంటుంది. పది దాటితే చికిత్స కావాలి. పురుగులు చిన్నవిగా ఉండగానే, సాయంత్రం పూట, హెటెరోరాబ్డిటిస్ జాతి సూక్ష్మ నులిపురుగుల్ని నీళ్లలో కలిపి పోయడం ఒక పద్ధతి. ముందూ వెనకా నేల బాగా తడిసి ఉండాలి. లెక్క అయ్యాక ఆ గడ్డి పలకని మళ్లీ బోర్లించి, కాలితో అణచి, ఒక చెంబెడు నీళ్లు పోయండి, అతుక్కుంటుంది. ఈలోగా విత్తనం సంచి తెచ్చి చల్లటి చోట పెట్టుకోండి, విత్తే అదను ఇంకో పది రోజుల్లో వచ్చేస్తుంది.